మెదడు బెరడులో ‘వైకల్యం’ ఉందనవచ్చునా?

సందేహం: మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తూ, ఎమ్మారైలో బయటపడే ‘కార్టికల్ మాల్‌ఫార్మేషన్’ను ‘వల్కల వైకల్యం’ అని రాశాను. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: కార్టెక్స్ అంటే లాటిన్‌లో చెట్టు బెరడు, సంస్కృతంలో వల్కలమూ అదే. మన పాఠ్యపుస్తకాలు మూత్రపిండం వెలుపలి భాగానికి ‘వల్కలం’, లోపలి భాగానికి ‘దవ్వ’ అని రాయడంలో తప్పు లేదు గానీ, వల్కలాలనగానే మనకు తోచేవి మునుల నారచీరలు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం మాను మీద పలకలు పలకలుగా పగిలిన నల్లని బెరడును చూసిన మీ ఊరివారికి ‘మెదడు బెరడు’ అంటే చప్పున బోధపడుతుంది. అయితే మెదడును కప్పిన ఈ పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే.

అసలు చిక్కు ‘వైకల్యం’తోనే. వ్యుత్పత్తిని బట్టి అది లోటు అనే అర్థాన్నే ఇచ్చినా, వాడుకలో వికలాంగులకూ సదరం ధ్రువపత్రానికీ అతుక్కుపోయింది కనుక, ఆ మాట చదివిన తల్లి బిడ్డకు కాలో చెయ్యో పడిపోతుందేమోనని బెదిరిపోతుంది. గర్భంలో మెదడు పెరిగేటప్పుడు లోపలి కుహరాల అంచున పుట్టిన నాడీకణాలు పైకి వలసపోయి పొరలు పొరలుగా కుదురుకోవాలి. ఆ వలస నడుమ ఆగినా, పొరలు కుదరకపోయినా ఈ లోపం ఏర్పడుతుంది. ఒకచోట బెరడు దళసరిగా ఉండటం, బూడిదరంగు పదార్థానికీ తెల్లని పదార్థానికీ నడుమనున్న హద్దు మసకబారడం, కుహరం అంచున బూడిదరంగు ముద్దలు మిగిలిపోవడం – ఎమ్మారైలో వెతికే ఈ గుర్తులన్నీ అమరికకు సంబంధించినవే. అందుచేత ‘మెదడు బెరడు అమరిక లోపం’ అనండి. 1971లో వైద్యుడు టేలర్ బృందం వర్ణించిన ‘ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా’ (ఒకచోటికే పరిమితమైన అమరిక లోపం) వంటి పేర్లను మాత్రం, రిపోర్టుతో సరిచూసుకోవడానికి వీలుగా, ఉన్నవున్నట్టే తెలుగు లిపిలో ఇవ్వండి.

ఇక ‘మూర్ఛ’ సంగతి. దాని మూలార్థం స్పృహ తప్పడం. కానీ ఈ జబ్బులో స్పృహలో ఉండగానే ఒక చెయ్యి మాత్రం అదిరే రకాలూ ఉన్నాయి. అపస్మారం, కాకిసొమ్మ నిఘంటువులకే మిగిలాయి. జనం నోట ఉన్నది ‘ఫిట్స్’. దాన్ని వాడటానికి సంకోచం అక్కర్లేదు.

మరొక్కటి. రిపోర్టులో ‘లోపమేదీ కనిపించలేదు’ అని ఉంటే ‘లోపం లేదు’ అని తెలుగు చేయకండి. ఎమ్మారైకి అందని చిన్న లోపం, ఆ చోట గ్లూకోజు వాడకం తగ్గినట్టు పెట్ స్కానింగులో కనబడి తరవాత బయటపడటం కద్దు.