రెండిళ్లకీ 192.168.1 అయితే అమ్మ కనపడదు

తమ్ముడూ, ఊర్నించి తెచ్చిన రూటర్ పెడితే నెట్ రావట్లేదన్న నీ సందేహం చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. నేనూ ఈ గుంటలో పడినవాణ్ణే.

అమెరికా వచ్చేముందు తిరుపతిలో, బైరాగిపట్టెడలో మా ఇంటి వాకిట్లో కెమెరా పెట్టించి, దాని అడ్రస్ 192.168.1.50 అని డైరీలో భద్రంగా రాసుకున్నా. ఆగస్టులో డల్లాస్‌లో దిగా. మొదటి వారం, సాయంత్రం ఆరున్నర, రూమ్మేట్లు ఇంకా రాలేదు. మన దగ్గర తెల్లవారి ఐదు, అమ్మ కళ్లాపి చల్లి ముగ్గేసే టైము. లాప్‌టాప్‌లో ఆ నంబరు కొడితే అమ్మ రాలేదు, 'నల్ల ఇంకు తక్కువగా ఉంది' అని వచ్చింది. రూమ్మేట్ ప్రింటర్ అది! ఆ రాత్రి పెరుగన్నం కూడా గొంతు దిగలేదు.

192.168తో, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి ఇంటి లోపల వాడుకునే నంబర్లు, 1996 నాటి నియమం, వెతికితే దొరుకుతుంది. బయట ఇంటర్నెట్‌లో వాటికి దారి లేదు. ఊరూరా గాంధీ రోడ్డు ఉంటుంది, ఊరి పేరు లేకుండా ఉత్తరం రాస్తే తిరుపతికే చేరుతుందా?

నువ్వు ఊర్నించి తెచ్చిన రూటర్, అక్కడ ఇంటర్నెట్ కంపెనీవాళ్లిచ్చిన పెట్టె, రెండూ 192.168.1.1 అనే అంటున్నాయి, అందుకే నెట్ రావట్లేదు. నీ రూటర్‌లో లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌కి పోయి 192.168.50.1 చెయ్యి, మాస్క్ (నంబరులో ఎంత భాగం ఇంటందరికీ ఒకటో చెప్పేది) 255.255.255.0 అలాగే ఉండనీ. సేవ్ చేయగానే కనెక్షన్ పోతుంది, టెన్షన్ పడకు, కొత్త నంబరుతో మళ్లీ లాగిన్ అవ్వు. డీహెచ్‌సీపీకి, అంటే రూటర్ తనంతట తానే నంబర్లు పంచే పనికి, చివరి భాగం 100 నుంచి 200 దాకా వదిలి, ప్రింటర్‌కి ఆ మధ్య నంబరు మాత్రం చేత్తో ఇవ్వకు. నేను 105 ఇచ్చా. ప్రింటర్ ఆపి ఉన్నప్పుడు రూటర్ అదే నంబరు నా ఫోనుకిచ్చింది, అమ్మతో మాట్లాడుతుండగా ఎవరో ప్రింటర్ ఆన్ చేశారు, వీడియో బిగుసుకుపోయింది. అటుపక్క 'అలిగినావా నైనా' అని కంగారు.

50 ఎందుకంటావా? రేపు వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత రహస్య దారితో, ఊళ్లో ఇంటికి కలిస్తే, రెండు పక్కలా ఒకే నంబర్ల వరస ఉండకూడదు, ఉంటే లాప్‌టాప్ కెమెరాని నీ గదిలోనే వెతుక్కుంటుంది. వీపీఎన్ పెట్టుకో, లేదా కెమెరా యాప్ వాడుకో, అంతేగానీ ఊళ్లో రూటర్ పోర్టు (బయటినుంచి లోపలికొచ్చే తలుపు) లోకానికంతా తెరిచిపెట్టకు.

మాది మైకు లేని కెమెరా. ముగ్గేశాక అమ్మ దానికేసి చూసి ఏదో అంటుంది. వినపడదు గానీ పెదాలు చూస్తే తెలుస్తుంది, తిన్నావా అని.