మాత్రల కంటే ముందు తువ్వాలు

చిరంజీవి అమ్మాయికి,
పెద్దమ్మ దీవించి రాయునది.

కోనసీమ లంకల్లో ఆరోగ్యం పని చేసే సంస్థలో చేరావని, బోదకాలు మాత్రల పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఈ గోదారి ఊళ్ళలోనే నర్సమ్మగా తిరిగి రిటైరైనదాన్ని కదా, చెప్పకుండా ఉండలేను. ట్రైనింగులో వాళ్ళు చెప్పేవి నేను మళ్ళీ చెప్పను.

మాత్రలు మింగనన్నవాళ్ళ గురించి "అవగాహన లేదు" అని మాత్రం రాసేయకు. వాళ్ళకు కళ్ళున్నాయి. పక్కింటి ముసలమ్మ ఏటా మింగుతూనే ఉంది, కాలు ఇసుమంతైనా తగ్గలేదు, మరి మాకెందుకంటారు. అందులో తప్పేముంది? డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు కలిపి ఇస్తే రక్తంలో తిరిగే బోదకాలు పిల్ల పురుగులు చస్తాయి, దోమ ఇంకొకరికి అంటించకుండా ఆగుతుంది. పెద్ద పురుగులు ఏళ్ళ తరబడి బతుకుతాయి కాబట్టి ఏటేటా మింగాలి. కానీ ముదిరిపోయిన వాపు వీటితో పోదు. ఆ మాట మనం దాస్తే ముసలమ్మ కాలు చెప్పేస్తుంది.

అందుకని మాత్రల వారం రాకముందే వాచిన కాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళు. మీ కాగితాల్లో వాళ్ళు పాత కేసులు. ఊరికి మాత్రం జబ్బంటే వాళ్ళే.

సబ్బుబిళ్ళ, మెత్తటి పాత తువ్వాలు పట్టుకెళ్ళు. మామూలు నీళ్ళు చాలు, వేడినీళ్ళు వద్దు. పీట మీద కూర్చోబెట్టి మోకాలి దగ్గర్నుంచి కిందికి సబ్బు రాస్తూ రా. మడతలు పడినచోటా వేళ్ళ సందుల్లోనూ మెత్తటి గుడ్డతో నెమ్మదిగా కడుగు, పీచు తగలనివ్వకు. కడగడం కన్నా తుడవడం ముఖ్యం. రుద్దకుండా అద్దాలి, వేళ్ళ సందుల్లో చెమ్మ మిగలకూడదు. ఊడ్పుల్లో బురదకు నాని ఆ సందులు పాసిపోతాయి చూడు, అక్కడినుంచే క్రిములు లోపలికి పోతాయి. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, కాలు ఎర్రబడి మంట. అలా వచ్చిపోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అమావాస్యకీ పున్నానికీ జ్వరం వస్తుందంటారు. వాదించకు, వేళ్ళ సందులు విడదీసి చూపించు. పాసినచోటికి పూతమందు పీహెచ్‌సీలో అడిగి రాయించు. రాత్రిపూట కాలు ఎత్తుగా ఉండేట్టు మంచం కోళ్ళ కింద, కాళ్ళ వైపు, ఇటుకలు పెట్టించు. జ్వరం ఉన్నప్పుడు తడిగుడ్డ వేసి, కదలకుండా పడుకోబెట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మొదటిసారి నువ్వే కడుగు. నలుగురూ గుమిగూడతారు, గుమిగూడనీ. కాలు సన్నబడకపోయినా జ్వరాలు తగ్గాయని ఆ ముసలమ్మ నోటితో చెబితే, మీ ఆటో మైకు చెయ్యలేని పని అవుతుంది.

ఊళ్ళో అడుగుపెట్టగానే ప్రెసిడెంటుగారి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. తాగు, మర్యాద. మీటింగు మాత్రం అక్కడ పెట్టకు. పేటలో ఆడవాళ్ళు ఆ అరుగెక్కరు, ఎక్కినా నోరు విప్పరు. చర్చి ముందో, చెరువు రేవులోనో, వాళ్ళు కూర్చునే చోటే నువ్వూ కూర్చో. కాళ్ళు కడగడం నేర్పేవాళ్ళను కూడా అక్కడినుంచే ఎంచుకో, చదువు లేకపోయినా పర్వాలేదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో పని మొదలుపెట్టిన డాక్టర్ ఆరోలే దంపతులు ఊళ్ళ ఆరోగ్యాన్ని చదువు రాని ఆడవాళ్ళ చేతుల్లోనే పెట్టారు. వాళ్ళలో దళిత స్త్రీలూ ఉన్నారు.

పగలు పదకొండింటికి వెళ్తే ముసలాళ్ళూ కుక్కలూ తప్ప ఎవరూ ఉండరు. ఊడ్పులకో, రొయ్యల కంపెనీ వ్యానెక్కో పోతారు. దీపాలు పెట్టాక వెళ్ళు. ఆఖరి పంటు, అదే రేవు దాటించే పడవ, వెళ్ళిపోతే లంకలోనే పడుకో. రక్తపరీక్షకూ అదే అనువు, పిల్ల పురుగులు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి కాబట్టి 8 నుంచి 12 లోపు తీయాలి.

మాత్రలు అన్నం తిన్నాక, నీ ఎదురుగానే మింగాలి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో మంచాన పడినవాళ్ళకు వద్దు. ఆ రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటుంది. ఒంట్లో పురుగున్నవాళ్ళకే అది ఎక్కువ, పురుగు చస్తుంది కాబట్టి. ఈ ముక్క ముందే చెప్పి, మర్నాడు తెల్లారగానే ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళు. మాత్రలిచ్చి మొహం చాటేసినవాళ్ళ వల్లే మరుసటేడు తలుపులు మూసుకుంటాయి.

"మాత్రల సంగతి తర్వాత, ఈ మురుగు సంగతేంటి?" అని అడుగుతారు, చూస్తూ ఉండు. న్యాయమైన ప్రశ్నే. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురుగునీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు వచ్చే దారి బాగానే పడింది. పోయే దారే ఎప్పుడూ గొడవ, పల్లపు నేల కదా. పెద్ద డ్రెయిను మీ సంస్థ వల్ల కాదు. కాదని మొహం మీదే చెప్పు. ఇంటి ముందు కాలువలో పూడిక తీయించడం, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర గుడ్డ కట్టించడం అయ్యే పనులు. పంచాయతీకి అర్జీ వాళ్ళచేతే పెట్టించు, నీ సంతకం వద్దు.

ఇంకోటి. ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంటుంది. నాలుగు డబ్బులెక్కువిస్తామని ఆమెను మీ పనికి లాక్కోకండి. మీ ప్రాజెక్టు అయిపోయాక కూడా ఆ గడపలు తొక్కాల్సింది ఆమే. ఇలా మనుషుల్ని లాక్కోవడం సంస్థలకున్న చాలా చెడ్డ జబ్బు.

మీ ఫారంలో ఎన్ని మాత్రలు పంచావో రాసే గడి ఉంటుంది, నింపు. నీ సొంత పుస్తకంలో మాత్రం ఒక్కో మనిషికి ఈ ఏడు ఎన్నిసార్లు జ్వరం వచ్చింది, ఎన్ని రోజుల కూలి పోయింది రాసుకో. తేదీలు వాళ్ళకు గుర్తుండవు. సంక్రాంతికి ముందా, గోదారి పొంగినప్పుడా అని అడిగితే చెబుతారు. పేటలో చదివి వినిపించాల్సింది ఆ పుస్తకమే.

నీకు ఏ లంక ఇచ్చారో తెలియగానే ఫోన్ చెయ్యి. అక్కడ ఎవరింట్లో దిగాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ