పుట్టిల్లు తెలియాలంటే ఆవిడ పేరుతో వెతకొద్దు

మీ అల్లుడిగారి వంశంలో 1690 ప్రాంతంలో సేలం (మనది కాదు, అమెరికాలో మసాచుసెట్స్‌ది) దగ్గర ఉన్న ఒకావిడ పేరు, భర్త ఇంటిపేరు తప్ప ఏమీ తెలియవు, పుట్టిల్లు ఎలా కనుక్కోవాలి అని అడిగారు. మా కోడలిది మసాచుసెట్స్. మా వియ్యపురాలికి ఈ వెతుకులాటంటే పిచ్చి, రిటైరయ్యాక నేనూ ఆవిడకి తోడయ్యాను.

మీరు వెతికే ఆవిడ పేరు ఆన్‌లైన్‌లో కొడితే పెద్దగా ఏమీ రాదు. అప్పటి ఇంగ్లిష్ చట్టంలో పెళ్ళయిన స్త్రీ ఆస్తి దాదాపు అంతా భర్త చేతిలోకి పోయేది, భర్త బతికుండగా ఆమె వీలునామా రాయడం అరుదు. కాబట్టి ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళ వీలునామాలు, ఆస్తి పంపకాల కాగితాలు తిరగేయండి. "నా కూతురు, ఫలానా వాడి భార్య" అన్న ఒక్క ముక్క చాలు. భర్తకి భూమి అమ్మిందెవరో, సాక్షి సంతకాలు ఎవరివో కూడా చూడండి. చాలాసార్లు మామగారో బావమరిదో బయటపడతాడు.

1692లో మంత్రగత్తె అని ఉరితీసిన రెబెక్కా నర్స్‌నే తీసుకోండి. తండ్రి విలియం టౌన్‌ది సేలం దగ్గరి టాప్స్‌ఫీల్డ్. ఆయన ఆస్తి పంపకంలో భూమి ముగ్గురు కొడుకులకి, సామాన్లు ముగ్గురు కూతుళ్ళకి వెళ్ళాయి (మనకి కొత్తేం కాదులెండి). ఆ కూతుళ్ళే రెబెక్కా నర్స్, మేరీ ఈస్టీ, సారా బ్రిడ్జెస్. ఈ సారా రెండో పెళ్ళితో క్లోయిస్ అయింది, 1692 కేసులో కనిపించేది ఆ పేరే. పంపకం కాగితం లేకపోతే వీళ్ళు అక్కచెల్లెళ్ళని పట్టుకోవడం ఎంత కష్టమో!

తేదీలతో జాగ్రత్త. 1752 దాకా ఇంగ్లండ్‌లోనూ, దాని వలసైన మసాచుసెట్స్‌లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్‌లో రెబెక్కా తల్లిదండ్రుల పెళ్ళి 1620 ఏప్రిల్‌లో జరిగింది. ఆమె బాప్తిస్మం మన లెక్కలో 1621 ఫిబ్రవరి, అప్పటి లెక్కలో ఇంకా 1620 ఫిబ్రవరే. తెలియకుండా చదివితే పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టుంటుంది.

1850 వరకు ఉన్న మసాచుసెట్స్ ఊళ్ళ జనన, వివాహ, మరణాల పుస్తకాలు, పాత రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు ఉచితమే. ఆన్‌లైన్‌లో జనం పెట్టిన వంశవృక్షాలు మాత్రం, ఏ రికార్డూ చూపించకపోతే, నమ్మకండి. ఒకరిది చూసి ఒకరు ఎక్కించినవే ఎక్కువ.

డిఎన్‌ఏ అంటారా, తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వచ్చే డిఎన్‌ఏని చూసే మైటోకాండ్రియల్ పరీక్షకి మీ అల్లుడే లాలాజలం ఇవ్వొచ్చు. కానీ ఆయన తల్లి నుంచి ఆవిడ దాకా వరసగా తల్లులే ఉండాలి, మధ్యలో ఒక్క మగవాడు వచ్చినా పనికిరాదు. డబ్బు కట్టేముందు అది సరిచూసుకోండి.