టెక్ సందేహాలు: అటక మీద పాత హార్నెట్, పక్కన ఎనిమిదేళ్ల పాప

ఈసారి వచ్చిన మెయిల్స్‌లో ఒకే విషయం మీద ఐదు ఉన్నాయి, అన్నీ చిన్నప్పుడు రిమోట్ కార్లు నడిపి, ఇప్పుడు పిల్లలతో మళ్లీ మొదలుపెడదాం అనుకుంటున్న అమ్మానాన్నలవే. నేను కూడా మూడేళ్ల కిందట మావాడితో కలిసి మళ్లీ ఇందులోకి వచ్చినవాణ్నే, అందుకే ఫోన్ల ప్రశ్నలు వచ్చే వారానికి పెట్టి ఈ వారం మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న (గుంటూరు): 1990లో మా బాబాయి దుబాయ్ నుంచి టమియా హార్నెట్ రిమోట్ కారు తెచ్చిచ్చారు. మొన్న అటక సర్దుతుంటే దొరికింది, ఎనిమిదేళ్ల మా పాప అప్పట్నుంచి వదలట్లేదు. బ్యాటరీ చచ్చిపోయింది, రిమోట్‌లో సెల్స్ కారిపోయి తుప్పు పట్టింది. బాగుచేయొచ్చా, కొత్తది కొనడమే మేలా?

బాగుచేయండి, అదీ పాపతో కలిసే చేయండి. హార్నెట్‌ని జపాన్ కంపెనీ టమియా 1984లో తెచ్చింది, 2004లో మళ్లీ విడుదల చేసింది, దాంతో టైర్లు, గేర్లు, బాడీ లాంటివన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. నలభై ఏళ్ల నాటి డిజైన్‌కి స్పేర్లు దొరకడం మామూలు విషయం కాదు, ఆ ఒక్క కారణం చాలు ఈ కారుని పారేయకుండా ఉండటానికి.

ఛాసిస్, సస్పెన్షన్, గేర్‌బాక్స్ ఉంచేయండి. మోటర్ 540 సైజు బ్రష్‌డ్ మోటర్ (లోపల కార్బన్ బ్రష్‌లు ఉండే పాతరకం), షాఫ్ట్‌ని వేళ్లతో తిప్పితే గరగరలాడకుండా తిరుగుతోందంటే అది కూడా చాలావరకు బానే ఉన్నట్టు. రిమోట్, రిసీవర్, బ్యాటరీ, స్పీడ్ కంట్రోలర్ ఈ నాలుగూ మాత్రం మార్చేయాల్సిందే. మీ రిమోట్ 27 మెగాహెర్ట్జ్ రకం అయ్యుంటుంది, లోపల చిన్న క్రిస్టల్ ఉంటుంది చూడండి, అప్పట్లో ఆ బ్యాండ్‌లో ఆరే ఛానెళ్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు, బ్రౌన్ నుంచి బ్లూ దాకా, ఇద్దరి దగ్గరా ఒకే రంగు క్రిస్టల్ ఉంటే ఒకళ్ల రిమోట్‌కి ఇంకొకళ్ల కారు పరిగెత్తేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో రిసీవర్‌ని రిమోట్‌తో ఒకసారి బైండ్ చేస్తే, అంటే జత కలిపితే చాలు, పక్కన పదిమంది నడుపుతున్నా గొడవ ఉండదు, ఆ మీటరు పొడుగు యాంటెన్నా కూడా అక్కర్లేదు. ఫ్లైస్కై లాంటి కంపెనీలవి డ్రోన్, రోబోటిక్స్ సామాన్లు అమ్మే ఆన్‌లైన్ షాపుల్లో దొరుకుతాయి. స్టీరింగ్ సర్వో, అంటే ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పే చిన్న మోటర్ పెట్టె, అది కూడా కొత్తది వేసేయండి, స్టాండర్డ్ సైజు పెద్దగా మారలేదు, పాత చోట్లోనే కూర్చుంటుంది.

పాత స్పీడ్ కంట్రోలర్ తీసేసే ముందు మాత్రం పాపకి చూపించండి. అందులో ఒక సర్వో చిన్న చేతిలాంటి దాన్ని అటూ ఇటూ తిప్పుతుంది, అది రాగి రేకుల మీద రాసుకుంటూ వెళ్తుంది, చివరి రేకు మీదకి వెళ్తే ఫుల్ స్పీడ్, మధ్యలో ఆగితే కరెంట్ తెల్లటి పింగాణీ రెసిస్టర్‌లోంచి వెళ్లి మోటర్‌కి తక్కువ అందుతుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. నడిపాక ఆ రెసిస్టర్ ముట్టుకుని వేలు చురుక్కుమనిపించుకున్న సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. రాగి మీద నల్లగా కాలిన మచ్చలు చూపించి "కరెంట్ ఇక్కడ దూకిందమ్మా" అని చెప్పండి, ఎనిమిదేళ్ల పిల్లకి అది బాగా అర్థమవుతుంది. ఇప్పుడు దాని బదులు ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్, అందరూ ఈఎస్‌సీ అంటారు, హాబీవింగ్ క్విక్‌రన్ 1060 లాంటిది వేస్తే సరిపోతుంది, బ్రష్‌డ్ మోటర్లకి చాలామంది వాడేది అదే.

బ్యాటరీకి నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, 7.2 వోల్టులది, కొనండి. లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు, ఎందుకో కింద మియాపూర్ ప్రశ్నలో చెప్తా. ఇక ఆ పాత ప్యాక్ నికెల్ కాడ్మియం అయ్యుంటుంది, కాడ్మియం విషం, చెత్తబుట్టలో వేయకండి. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కాబట్టి దగ్గర్లో ఉన్న ఈ-వేస్ట్ కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చేయండి.

ప్రశ్న (కరీంనగర్): మా బాబుకి ఆరేళ్లు. ఆన్‌లైన్‌లో ₹1500 పెట్టి కొన్న రిమోట్ కారుకి పది రోజుల్లో స్టీరింగ్ పోయింది. హాబీ గ్రేడ్ అంటున్నారు, అంత ఖర్చు పెట్టడం అవసరమా?

మీరు కొన్నది టాయ్ గ్రేడ్. అందులో చాలావాటిలో స్టీరింగ్ అంటే పూర్తి ఎడమ, లేదంటే పూర్తి కుడి, మధ్యలో ఏమీ ఉండదు, యాక్సిలరేటర్ కూడా అంతే. పిల్లాడు ఎంత సుతారంగా నొక్కినా కారు మొండిగానే తిరుగుతుంది, దాంతో వాడికి నేర్చుకోవడానికి అందులో ఏమీ ఉండదు, పది నిమిషాల్లో విసుగొస్తుంది. హాబీ గ్రేడ్‌లో రిమోట్ మీద వేలు ఎంత కదిలితే చక్రం అంతే కదులుతుంది, విరిగిన ప్రతి ముక్కా విడిగా కొనుక్కోవచ్చు. కొనే ముందు నేను ఒకటే చూస్తా, ఆ మోడల్ పేరు పక్కన స్టీరింగ్ సర్వో అని, స్పర్ గేర్ (మోటర్ గేరు తిప్పే పెద్ద పళ్ల చక్రం) అని కొట్టి వెతుకుతా, ఆ రెండూ అమ్మకానికి కనిపించకపోతే కారు ఎంత బాగున్నా కొనను.

ఆరేళ్ల పిల్లాడికి, అందులోనూ ఇంట్లో ఆడుకోవడానికి, 1/24 సైజు (అసలు బండిలో 24వ వంతు) క్రాలర్, అంటే అడ్డంకుల మీదకి నెమ్మదిగా ఎక్కే కారు, బెస్ట్. యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటివి అరచేతి కన్నా కొంచెం పెద్దగా ఉంటాయి, నడక వేగంతో పోతాయి, దిండ్లు, పుస్తకాలు, చెప్పులు వరసగా పేర్చి ఎక్కిస్తే గంటలు గడిచిపోతాయి, వానాకాలంలో కూడా ఆట ఆగదు, స్పీడ్ లేదు కాబట్టి విరగడం కూడా తక్కువ. ధర మాత్రం ఎక్కువే, అమెరికా రేటుని రూపాయల్లోకి మార్చుకుని చూస్తే బాధపడతారు, ఎందుకంటే బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతం, 2023లో 70 శాతం అయింది. బడ్జెట్ లేకపోతే తొందరేం లేదు, ఇంకో ఏడాది ఆగి కొనండి, ఈలోపు ₹1500వి మూడు కొని పారేయడం కన్నా అదే నయం. టాయ్ గ్రేడే కొనాల్సి వస్తే ఐఎస్ఐ మార్క్ చూసి కొనండి, 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

ప్రశ్న (మియాపూర్, హైదరాబాద్): మా అబ్బాయికి పన్నెండేళ్లు, బ్రష్‌లెస్ (బ్రష్‌లు లేని, శక్తి ఎక్కువున్న మోటర్) కారు కొన్నాం, లైపో బ్యాటరీతో వచ్చింది. ఛార్జింగ్ పెట్టి బయటికి వెళ్లొచ్చా? బ్యాటరీ కాస్త ఉబ్బినట్టుంది కానీ కారు బానే పోతోంది.

వెళ్లకండి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టకండి. మొత్తం ఉత్తరాల్లో నాకు భయం వేసింది దీనికే, అందుకే కాస్త వివరంగా చెప్తున్నా.

లైపోలో ఒక్కో సెల్ పూర్తి ఛార్జ్‌లో 4.2 వోల్టులు, అది దాటకూడదు, వాడేటప్పుడు 3 వోల్టుల కిందకి పోకూడదు, 3.3 దగ్గరే ఆపేస్తే ఇంకా మంచిది. మీది రెండు సెల్స్ ప్యాక్ అయితే ఫుల్ అంటే 8.4. ఈ గీత దాటిందంటే లోపల గ్యాస్ పుడుతుంది, ఉబ్బడం అంటే అదే. తర్వాత దాన్ని పొడిచినా, నొక్కినా, ఛార్జ్ చేసినా మంట లేవచ్చు, ఆ పొగ కూడా చాలా చెడ్డది. ఇప్పుడే తీసి ఇసక పోసిన ఇనప డబ్బాలో పెట్టి బాల్కనీలో నీడన ఉంచి ఈ-వేస్ట్ వాళ్లకి ఇచ్చేయండి.

కొత్త ప్యాక్ తెచ్చాక ఛార్జర్ మీద లైపో మోడ్‌లోనే ఉందా లేదా అని ప్రతిసారీ చూడండి. నికెల్ మోడ్‌లో పెడితే ఏమవుతుందంటే, ఆ ఛార్జర్ బ్యాటరీ నిండినప్పుడు వోల్టేజ్ కొంచెం తగ్గుతుందని ఎదురుచూస్తుంది, నికెల్ బ్యాటరీల్లో అలా తగ్గుతుంది, లైపోలో అలా తగ్గదు, కాబట్టి ఛార్జర్ ఆగకుండా తోస్తూనే ఉంటుంది. బ్యాలెన్స్ వైరు, అదే సెల్స్ అన్నీ సమానంగా నిండేలా చూసే చిన్న తెల్ల కనెక్టర్, తప్పకుండా పెట్టాలి. కరెంట్ 1సీ, అంటే 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కి 2.2 ఆంపియర్లు. బ్యాటరీ కారులోంచి బయటికి తీసి, టైల్స్ నేల మీద పెట్టి, మీరు అదే గదిలో ఉండి ఛార్జ్ చేయాలి, మంచం మీద కాదు, నడిపి వచ్చిన వేడి మీద కూడా కాదు. ఎండాకాలం పార్క్ చేసిన కారులో అస్సలు వదలకూడదు. ఈఎస్‌సీ సెట్టింగ్‌లో లైపో అని పెట్టారా, అది కూడా చూసుకోండి, నికెల్ అని ఉంటే ఖాళీ అయినా ఆపకుండా లాగేస్తుంది, మీది ఉబ్బడానికి కారణం అదే కావచ్చు.

మా ఇంట్లో ఒకటి ఇలాగే పోయింది. ఒక ఆదివారం ఆడుకుని వచ్చి స్విచ్ ఆఫ్ చేశాం, ప్లగ్ మాత్రం పీకలేదు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఈఎస్‌సీ సన్నగా కరెంట్ తాగుతూనే ఉంటుంది, మూడు వారాల తర్వాత తీస్తే ప్యాక్ దిండులా ఉబ్బి ఛాసిస్‌లో ఇరుక్కుపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో కారు ఆపాక మొదటి పని ప్లగ్ పీకడం, ఆ పని మావాడిదే, నాలుగైదు రోజులు ఆడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర స్టోరేజ్‌లో పెట్టేది నేను.

ఇంకోటి, బ్రష్‌లెస్ 1/10 కార్లు చాలావి గంటకి 50 కిలోమీటర్లు దాటతాయి, రెండు కేజీల వస్తువు ఆ వేగంతో చిన్నపిల్లల కాలికి తగిలితే ఎముక విరుగుతుంది. రిమోట్‌లో థ్రాటిల్ లిమిట్ (గరిష్ఠ వేగాన్ని తగ్గించే సెట్టింగ్) ఉంటే సగానికి తగ్గించండి, చాలా కార్లలో ట్రైనింగ్ మోడ్ కూడా ఉంటుంది. సెల్లార్‌లో, అపార్ట్‌మెంట్ రోడ్డు మీద వద్దు, పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌కి తీసుకెళ్లండి.

ప్రశ్న (డాలస్): మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండు బ్యాటరీలు అయ్యేదాకా నడిపి టాబ్లెట్ దగ్గరికి వెళ్లిపోతుంది, రిపేర్లన్నీ నేనే చేస్తున్నా. తనకి ఆసక్తి పెరగాలంటే ఏం చేయాలి? డిసెంబర్‌లో ఇండియా వస్తున్నాం, కజిన్స్‌కి చూపించడానికి కారు తేవచ్చా?

రెడీమేడ్ కారు కాకుండా ఈసారి కిట్ కొనండి, టమియా టీటీ-02 లాంటిది, అన్నీ విడి ముక్కలుగా వస్తాయి. వాళ్ల మాన్యువల్‌లో స్క్రూల బొమ్మలు అసలు సైజులోనే ఉంటాయి, పిల్లలు స్క్రూ తీసుకెళ్లి బొమ్మ మీద పెట్టి సరిపోయిందా లేదా చూసుకోవచ్చు, మనం చెప్పక్కర్లేదు. ఒక సంగతి, ఆ స్క్రూలు ప్లస్ ఆకారంలోనే కనిపిస్తాయి కానీ జపాన్ కొలతవి, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ జారి తల పాడుచేస్తుంది, జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి తనకంటూ కొనివ్వండి.

మోటర్ గేరుకి, స్పర్ గేరుకి మధ్య సందు మనమే సెట్ చేసుకునే కారైతే ఆ పని తనకే వదిలేయండి. నోట్‌బుక్ కాగితం సన్నగా చింపి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటర్‌ని దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించి, చక్రం తిప్పితే కాగితం మడతలు పడి బయటికొస్తుంది, ఆ సందే కరెక్ట్ సందు. మావాడు మొదటిసారి చేసినప్పుడు ఆ గేరు పళ్ల ముద్రలు పడిన కాగితాన్ని దాచుకున్నాడు, ఇప్పటికీ వాడి పెన్సిల్ బాక్స్‌లో ఉంది. మీరు పక్కన కూర్చోండి, చేయి పెట్టకండి, తప్పు బిగిస్తే గేరు కరకరమంటుంది, విప్పి మళ్లీ బిగిస్తుంది, అంతే కదా.

నడపడంలో పిల్లలు విసుగుపడే చోటు కారు మనవైపు వచ్చేటప్పుడు, ఎడమ కుడి తారుమారు అయిపోతాయి. కారు ఎటు చూస్తోందో తననీ అటే తిరిగి నిలబడి భుజం మీంచి చూడమనండి, రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. రెండు చెప్పులు దూరంగా పెట్టి వాటి చుట్టూ ఎనిమిది ఆకారంలో తిప్పించండి.

విమానంలో తేవచ్చు, స్పేర్ లైపోలు క్యాబిన్ బ్యాగ్‌లోనే ఉండాలి, చెకిన్‌లో వేయకూడదు. 100 వాట్ అవర్స్ లోపు అనుమతి, మీ రెండు సెల్స్ 5000 ఎంఏహెచ్ ప్యాక్ అంటే 7.4 ఇంటూ 5, 37 వాట్ అవర్స్, బానే ఉంది. కనెక్టర్ల కొనలకి టేప్ వేయండి, ఎయిర్‌లైన్ రూల్స్ కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న (అనంతపురం): మా దగ్గర అంతా ఎర్రమట్టి దుమ్ము. రెండు నెలలకే చక్రాలు బిర్రబిగుసుకున్నాయి, నీళ్లతో కడగొచ్చా?

వద్దు, నీళ్లు మట్టిని బేరింగ్‌లోకి ఇంకా తోస్తాయి. పెయింట్ బ్రష్‌తో పొడిగా దులపండి. చాలా కిట్లలో బేరింగ్ బదులు ప్లాస్టిక్ బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న రింగులు) వస్తాయి, దుమ్ముకి అవే ముందు అరుగుతాయి. టమియాలో ఎక్కువగా కనిపించే సైజు 11 మిల్లీమీటర్లు బయట, 5 లోపల, 4 మందం, బేరింగ్ షాపులో ఎంఆర్115 అని అడగండి, రబ్బర్ సీల్ ఉన్నవి తీసుకోండి, కానీ ముందు మీ బుష్ ఒకటి విప్పి జేబులో వేసుకుని వెళ్లండి.