మీ అత్తగారిని బెంగళూరు శివాజీనగర్ మేరీమాత గుడికి తీసుకెళ్ళేటప్పుడు

చిట్టీ,

మీ అత్తగారు ఆగస్టు 20న నెల్లూరు నుంచి వస్తున్నారనీ, నీ కాన్పు క్షేమంగా జరిగితే మేరీమాతకు చీర పెడతానని మొక్కుకున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గుడి మర్యాదలు నీకు నేను చెప్పక్కర్లేదు, గుంటూరులో అందరికంటే ముందు నిలబడి జపమాల చెప్పించిన పిల్లవి. ఆవిడ హిందువు కదా, నాకు టెన్షనంతా ఆవిడ గురించే. మొక్కు తీర్చుకోడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషిని గుళ్ళో ఎవరైనా "అలా చెయ్యకూడదమ్మా" అని ఆపితే ఆ చిన్నతనం ఆవిడకు మళ్ళీ నెల్లూరు చేరేదాకా పోదు. అందుకని చెప్పాల్సినవి ఇంట్లోనే, కాఫీ తాగుతూ చెప్పెయ్.

ముందుగా ఏ రోజు వెళ్ళాలో చూసుకో. ఆగస్టు 29న జెండా ఎగరేస్తారు. అక్కణ్ణుంచి తొమ్మిది రోజులు నవదినాల ప్రార్థనలు, సెప్టెంబరు 8న మాత పుట్టినరోజు పండుగ, తేరు. వేళాంగణ్ణిలోనూ ఇదే పండుగ, కాషాయం చీరల్లో జనం ఇక్కడా అలాగే వస్తారు. ఆవిడ "పండుగరోజే వెళ్దాం" అంటారు, తప్పకుండా అంటారు. ఒప్పుకోకు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఇద్దరు పిల్లల్నేసుకుని తేరు చూడ్డానికి వెళ్ళాను. చిన్నది చెయ్యి విడిపించుకుని ఎటో పోయింది. ఇరవై నిమిషాలు. చివరికి ఒక పూలమ్మి పక్కన కూర్చుని కనకాంబరాలు అందిస్తోంది! ఆ ఇరవై నిమిషాల్లో నేను ఎన్ని మొక్కులు మొక్కానో ఇంకా లెక్క తేలలేదు. ఐదు నెలల పసిదానితో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో ఆ రద్దీలోకి వద్దు. 29కి ముందే, మామూలు పనిరోజు, పొద్దుటి పూజ అయ్యాక వెళ్ళండి. గుడి ఖాళీగా ఉంటుంది, కూర్చోడానికి బెంచీ దొరుకుతుంది. ఆదివారం కూడా వద్దు.

కారు తియ్యకు. అక్కడ బండి పెట్టే చోటు వెతకడం కంటే మొక్కు తీర్చడం సులువు. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి ఎం.జి. రోడ్డులో దిగి ఆటో మాట్లాడుకో. "రస్సెల్ మార్కెట్" అంటే చాలు, గుడి ఎదురుగానే కనిపిస్తుంది. ఆటో దిగగానే ఫోను, పర్సు సంచి లోపలికి పోవాలి.

పూలు ఇంటి దగ్గర కొనొద్దు. మార్కెట్లో పొద్దున్నే తాజాగా దొరుకుతాయి, పైగా ఆ బజారు మధ్య నుంచి నడిచి వెళ్తేనే ఆ గుడి అర్థమవుతుంది. బేరాలు, హారన్లు, అటు మసీదు నుంచి అజా, ఇటు గుడి గంట. మాంసం కొట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఆవిణ్ణి పూల వైపు నుంచే తీసుకెళ్ళు.

ఇక అసలు సంగతి. గుమ్మం దగ్గర తీర్థం ఉంటుంది. ఆవిడ అలవాటుగా దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంటారేమో! వేలు ముంచి నుదుటికి అద్దుకోవాలని ముందే చెప్పు. కొబ్బరికాయ, కుంకుమ ఇంట్లోనే ఉంచమను. కొవ్వొత్తులు వెలిగించే చోటు వేరే ఉంటుంది, పీఠం దగ్గర కాదు.

అన్నిటికన్నా ముఖ్యం సత్ప్రసాదం, అదే పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం. మన తెలుగులో ఆ మాటే చిక్కు తెచ్చింది. మనవాళ్ళకు "ప్రసాదం" అని వినపడగానే కాళ్ళు వాటంతట అవే వరుసలోకి నడుస్తాయి, వాళ్ళ తప్పేం లేదు. మీరు ఉండగా పూజ మొదలైతే ఆ సమయంలో ఆవిడ పక్కనే కూర్చో. "ఇది పులిహోర, చక్కెరపొంగలి లాంటిది కాదత్తయ్యా, జ్ఞానస్నానం పొంది, నేర్చుకుని, సిద్ధపడి తీసుకునేది. మా నాన్నకు కూడా చిన్నప్పుడు వెంటనే ఇవ్వలేదు" అని చెప్పు. అబద్ధం కాదు, మీ తాతయ్య మీ నాన్నను రెండేళ్ళు ఆపాడు. అలా చెబితే ఆవిడకు తనొక్కర్తినే పక్కన పెట్టారని అనిపించదు. ఇష్టమైతే పూజ అయ్యాక ఫాదర్ గారి దగ్గరికెళ్ళి బిడ్డ తల మీద చెయ్యి పెట్టించుకోండి.

చీర నేరుగా స్వరూపం దగ్గరకు పట్టుకెళ్ళకూడదు. పారిష్ ఆఫీసులో, అంటే గుడి ఆఫీసులో, అడిగి అక్కడే ఇవ్వండి. అక్కడి మాతకు రోజూ చీర కడతారు. ఆరడుగుల విగ్రహం, చేతిలో బాలయేసు. ఆవిడ ఇచ్చిన చీర ఏ రోజు కడతారని మాత్రం అడగనివ్వకు. ఒళ్ళంతా జరీ ఉన్నది కాకుండా మెత్తటి పట్టు కొనండి, మడతలు బాగా పడతాయి.

ఆవిడకు కథలిష్టం కాబట్టి బెంచీ మీద కూర్చున్నాక ఇది చెప్పు. అక్కడ మొదట గడ్డి కప్పిన చిన్న గుడి ఉండేది. కట్టించింది దుబ్వా అనే ఫ్రెంచి ఫాదర్. మనవాళ్ళలా బట్ట కట్టుకుని, మనవాళ్ళలా తిని బతికాడు, మైసూరు సీమలో వేలమందికి మశూచి టీకాలు వేయించాడు. జనం దొడ్డస్వామి అని పిలిచేవాళ్ళు. తర్వాత 1832 అల్లర్లలో గుడి దెబ్బతింది. ఇప్పుడున్న సూదిమొన గోపురం గుడి క్లైనర్ స్వామి కట్టించింది, 1882 సెప్టెంబరు 8న ప్రతిష్ఠ జరిగింది. రంగు అద్దాల కిటికీలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తీసి దాచి, 1947లో మళ్ళీ బిగించారు. బసిలికా అని పోపుగారిచ్చే ప్రత్యేక హోదా వచ్చింది 1970ల్లో. ఆ చివరి సంగతి ఆవిడకు పట్టదులే, వదిలెయ్. మశూచి కథ మాత్రం తప్పకుండా చెప్పు, నెల్లూరు వెళ్ళి పదిమందికి చెబుతారు.

పూజలు తమిళం, కన్నడం, ఇంగ్లీషుల్లో ఉంటాయి. నెల్లూరు మనిషి కాబట్టి తమిళం సగమైనా అందుతుంది. వేళలు బయట బోర్డు మీద చూసుకో. పూజ జరుగుతుంటే ఫోటోలు వద్దని మీ ఆయనకు విడిగా చెప్పు, అతనికి ఒకసారి చెబితే సరిపోదు.

ఆవిడ మొక్కుకునేటప్పుడు మాత్రం నువ్వు కాస్త దూరంగా ఉండు. చేతులు జోడిస్తారో, కొంగు పట్టి అడుగుతారో, సాష్టాంగపడతారో ఆవిడ ఇష్టం. మోకరించమని నేర్పబోకు. నేను అక్కడ బురఖాలో ఉన్న ఆడవాళ్ళు కొవ్వొత్తి వెలిగించడం చూశాను, బొట్టు పెట్టుకున్నవాళ్ళయితే లెక్కే లేదు. ఎవరి పద్ధతి వాళ్ళది.

అయ్యాక అక్కడ హోటళ్ళు వెతక్కండి. ఫ్రేజర్ టౌన్‌కి ఆటోలో పది నిమిషాలు, భోజనానికి మా ఇంటికే రండి. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి తింటారో లేదో, మంగళవారం వస్తారో బుధవారమో రెండ్రోజుల ముందు ఫోన్ చెయ్యి. పసిదానికి ఉయ్యాల అటక మీద నుంచి దింపించాలి.

మీ పెద్దమ్మ