దేవదారు అడవిలో పుల్లల లెక్క

మందస,
శ్రీకాకుళం జిల్లా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఉత్తరాఖండ్‌లోని చక్రాతా దేవదారు అడవిలో అగ్గికి ఎంత మేత (నేలమీది ఎండుపుల్లలు, ఆకు) ఉందో కొలవాలని రాశావు. పద్ధతి కష్టమేం కాదు గానీ తొందరపడితే లెక్క పాడైపోద్ది.

15 మీటర్ల టేపుని నేల వాలు ఎలా ఉంటే అలా నేలమీద లాగు. ఏ దిక్కుకన్నది చీటీ తీసి, దిక్సూచి పట్టుకుని పో. చూసి ఎంచుకున్నావంటే కాలు తెలీకుండానే నడక సులువైన చోటికి, అంటే చెత్త తక్కువున్న చోటికే పోద్ది. టేపుకి ఒక పక్కనే నిలబడు. తొక్కితే సన్నపుల్లలు విరిగి లెక్క మారిపోద్ది.

టేపు గీతని అడ్డంగా దాటే ఎండుపుల్లల్నే లెక్కపెట్టాలి. 6 మి.మీ. లోపువీ, అక్కణ్ణుంచి 2.5 సెం.మీ. దాకా ఉన్నవీ మొదటి 2 మీటర్లలో చాలు. 7.5 సెం.మీ. దాకా కొమ్మలు 4 మీటర్లలో. అంతకు మించిన దుంగలు మొత్తం 15 మీటర్లలో. ఇవే వరసగా మీరు చెప్పే 1, 10, 100, 1000 గంటల ఇంధనాలు; గాలిలో తేమ మారితే పుల్ల ఆరడానికో తడవడానికో సుమారు ఎంతసేపు పడుతుందో దాన్నిబట్టి ఆ పేర్లు. మందం కంటితో చూసి వెయ్యకు; గట్టి అట్టలో ఆ కొలతలకి గాట్లు కోసి పట్టుకెళ్లు. నిలబడున్న చెట్టుకి అంటుకున్న కొమ్మ, కాయలు, ఊడిన బెరడు లెక్కలోకి రావు.

దుంగకి టేపు దాటేచోట, దుంగకి అడ్డంగా వ్యాసం తీసుకో. సెంటీమీటర్లలో వర్గాలు కూడి, 1.234తో హెచ్చవేసి, టేపు పొడవుతో భాగిస్తే హెక్టారుకి ఘనపు మీటర్లు వస్తాయి. 10, 20 సెం.మీ. దుంగలు రెండుంటే 500 × 1.234 ÷ 15, అంటే సుమారు 41. వాలు 40 శాతమైతే దాన్ని మళ్లీ 1.08తో హెచ్చవెయ్యి. పుచ్చిన దుంగల్ని వేరే రాసుకో, వాటి బరువు తక్కువ.

ఇక్కడి నీ అలవాటు అక్కడ పనికిరానిది డఫ్ దగ్గరే, అంటే రాలిన ఆకు కింద చివికి పేరుకున్న పొర దగ్గరే. మన కొండల్లో రాలిన ఆకుని వానా చెదలూ కలిసి తొందరగానే తినేస్తాయి. అక్కడ చలికి ఆకు నెమ్మదిగా చివుకుతుంది, పొరలు పేరుకుంటాయి. కత్తితో నిలువుగా కోసి, గుర్తుపట్టగలిగే ఆకు ఎన్ని మి.మీ., కింద చివికినది ఎన్ని మి.మీ. అని విడివిడిగా రాయి. అదిమి కొలవకు. ఆ కింది పొర మంట లేకుండా గంటలకొద్దీ రాజుకుని వేళ్లని మాడ్చేస్తుంది.

ఆకు బరువుకి 50 సెం.మీ. చదరపు చట్రం వెయ్యి. ఆరబెట్టాక 180 గ్రాములొస్తే హెక్టారుకి 7.2 టన్నులు. తేమ శాతం మాత్రం పోయిన నీటిని పొడి బరువుతోనే భాగించి తియ్యి; తడి బరువుతో భాగిస్తే తక్కువ చూపిస్తుంది. నమూనాని అక్కడికక్కడే సంచిలో మూసి, తేదీతో పాటు గంట కూడా రాయి. పొద్దున మంచుకి తడిసిన ఆకు మధ్యాహ్నానికి ఎండిపోద్ది.

ఇట్లు,
మీ మావయ్య