బోర్డు విప్పేముందే లైసెన్సు సంగతి తేల్చుకో

చి. కిరణ్‌కు,

ఆశీస్సులు. మదర్‌బోర్డు, ప్రాసెసర్ మారుస్తున్నావు కదా, విండోస్ మళ్లీ కొనాలా అని అడిగావు. అది నీ దగ్గరున్న లైసెన్సు రకాన్ని బట్టి ఉంటుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు మారిస్తే మామూలుగా ఏ ఇబ్బందీ రాదు. బోర్డు మారిస్తే మాత్రం విండోస్ దాన్ని వేరే కంప్యూటర్‌గానే చూస్తుంది. అందుకే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి బోర్డు కొనడానికి బయల్దేరేముందే, పాత సిస్టం ఇంకా ఆన్ అవుతుండగానే ఈ పని చూడు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ అక్షరాలు కలిపి కొట్టు. ఒక స్పేస్ ఇచ్చి స్లాష్, దాని పక్కనే డి, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కు. కాసేపటికి చిన్న పెట్టె వస్తుంది. అందులో ‘చానెల్’ అన్న మాటకు ముందు ఏముందో చూడు.

ఓఈఎం (కంప్యూటర్ తయారుచేసేవాళ్లకు ఇచ్చే రకం) అని ఉంటే ఆ లైసెన్సు పాత బోర్డుదే, కొత్తదానికి రాదు. బోర్డు పాడైతే కంపెనీ వారంటీలో వేసిచ్చిన బోర్డుకు మాత్రమే మినహాయింపు. రీటైల్ (విడిగా అమ్మే రకం) అయితే కొత్త సిస్టంకు తీసుకెళ్లొచ్చు, కాకపోతే పాతదాంట్లో తీసేయాలి. వాల్యూమ్ అంటే ఆఫీసులకూ కాలేజీలకూ ఇచ్చేది, ఇంట్లో దానికి హక్కు లేదు.

ఇక్కడొక మెలిక ఉంది. విండోస్ 7 లేదా 8 నుంచి ఉచితంగా అప్‌గ్రేడ్ అయిన సిస్టంలో అసలు లైసెన్సు ఓఈఎం అయినా పెట్టెలో రీటైల్ అనే చూపిస్తుంది. అందులో కనిపించే కీ (లైసెన్సు నంబరు) చివరి ఐదు అక్షరాలు 3వీ66టీ (ప్రో) గానీ 8హెచ్‌వీఎక్స్7 (హోమ్) గానీ అయితే అది అందరికీ ఉండే ఉమ్మడి కీ. దాన్ని నమ్ముకోకు, మొదట కొన్న బిల్లు వెతుకు.

రీటైలే అని తేలితే సెట్టింగ్స్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వు. యాక్టివేషన్ పేజీలో లైసెన్సు ఆ ఖాతాకు ముడిపడినట్టు కనిపించాలి. తర్వాత బిట్‌లాకర్ సంగతి, అంటే విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). చాలామంది మరిచేది ఇదే. దాని తాళంచెవి పాత బోర్డు టీపీఎంలో, అంటే ఇలాంటి రహస్యాలు దాచే భద్రతా చిప్‌లో ఉంటుంది. ఆపకుండా బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లు పోయినట్టే. కాబట్టి ఎన్‌క్రిప్షన్ ముందే ఆపెయ్. 25 అక్షరాల కీ కాగితం మీద రాసుకున్నాక, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇందాకటి కమాండే స్లాష్ తర్వాత యు, పి, కె పెట్టి కొడితే పాత సిస్టంలోంచి కీ దిగిపోతుంది.

కొత్త బోర్డులో అదే ఎడిషన్ వెయ్యి, హోమ్ కీతో ప్రో యాక్టివేట్ కాదు. యాక్టివేట్ కాకపోతే ట్రబుల్‌షూటర్ తెరిచి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానన్న లింకు నొక్కి, జాబితాలో పాత సిస్టం పేరు ఎంచుకో.

కొత్తది కొనాల్సి వస్తే, రెండు మూడేళ్లకోసారి బోర్డు మార్చే నీలాంటివాడికి ధర ఎక్కువైనా రీటైలే మేలు. కట్టిన సిస్టం చెడిపోయేదాకా కదిలించనివాళ్లకు ఓఈఎం చాలు. ఐదారు వందలకు దొరికే ‘లైఫ్‌టైం’ కీల జోలికి వెళ్లకు. వాటిలో చాలావరకు ఎవరో ఆఫీసువాళ్ల వాల్యూమ్ కీలు, ఈరోజు పనిచేసినా తర్వాత బ్లాక్ అవుతాయి. పాత విండోస్ 7 కీలు కూడా 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఇన్‌స్టాల్‌కు చెల్లవు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక 11కే వెళ్లు. దానికోసం బయోస్‌లో (విండోస్ రాకముందే తెరిచే బోర్డు సెట్టింగుల్లో) టీపీఎం ఆన్ చెయ్యి, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. బ్రౌజింగూ చదువూ తప్ప వేరే పని లేకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకో, లైసెన్సు గొడవే ఉండదు.

పెట్టెలో ఏం వచ్చిందో ఫోటో తీసి పంపు. అందులో చివరి ఐదు అక్షరాలే కనిపిస్తాయి కాబట్టి ఫర్వాలేదు. మొత్తం కీ మాత్రం ఎవరికీ పంపకు, నాకు కూడా.

నీ బాబాయి